మూతపడని బానెట్

లైల్ ఫిస్టర్ తనని నిలువునా ముంచేశాడని వెర్నన్ కుబియాక్ టొలీడో ఊళ్లో దొరికిన ప్రతివాడికీ చెప్పాడు. మంగలికి చెప్పాడు. బండి మీద చిల్లీ డాగ్ రొట్టెలమ్మే ముసలాయనకి చెప్పాడు. పళ్ల డాక్టరు నోట్లో గొట్టం పెట్టి ఉండగా కూడా చెప్పబోయాడు. అందరూ అడిగిందొకటే, "ఎంత పోయింది?" అని. బల్ల పోయిందంటే నవ్వారు. బల్లేమిటో తెలీని జనం నవ్వుతారు మరి. వాళ్లకి ఇళ్లున్నాయి, ఇళ్లకి గరాజులున్నాయి.

వెర్నన్‌కి అవేవీ లేవు. ఇరుసుల ఫ్యాక్టరీ మూతపడ్డాక ఇల్లు అమ్మేసి, వదినగారింటి పై వాటాలో రెండు గదుల్లో సర్దుకున్నాడు. అక్కడ రంగు డబ్బా మూత తీస్తే చాలు, కింది నుంచి వదినగారు చీపురుకర్రతో పైకప్పు పొడుస్తుంది. కాబట్టి ఆయన బతుకంతా లూథరన్ చర్చి నేలమాళిగలోనే. ప్రతి గురువారం అక్కడ చిన్నకార్ల క్లబ్బువాళ్లు చేరతారు. డబ్బాలో వచ్చే ప్లాస్టిక్ ముక్కల్ని చట్రంలోంచి తుంచి, అరగదీసి, అతికించి, రంగేసి, అసలు కారులో ఇరవై అయిదో వంతు కారు తయారు చేస్తారు. అంతా యాభై దాటినవాళ్లే. పిల్లలు ఆడుకునే వస్తువేగా అని ఎవరైనా అంటే ఆ మనిషిని మళ్లీ లోపలికి రానివ్వరు.

ఆ నేలమాళిగకి ఒక్కటే కిటికీ. దాని కింద ఒక బల్ల, పక్కన రంగు వాసన బయటికి లాగే ఫ్యాను. పదకొండేళ్లుగా ఆ బల్ల వెర్నన్‌ది. ఎవరూ ఇవ్వలేదు, ఆయనే కూర్చున్నాడు. లేచి ఇంటికి పోయినా ఆయన పనిముట్లు, రంగులు, ఆరుతున్న ముక్కలు అక్కడే ఉండేవి.

1993 చలికాలంలో పాస్టరుగారి భార్యకి పాతబట్టలు పంచాలన్న దయ పుట్టింది. సగం నేలమాళిగ కోట్లకీ బూట్లకీ పోయింది. క్లబ్బుకి కదలకుండా ఉండే బల్ల అదొక్కటే మిగిలింది. మిగతావాళ్లు గురువారం గురువారం మడతబల్లలు వేసుకుని, సామాను పెట్టెలో సర్దుకుని ఇంటికి మోసుకుపోవాలి.

అప్పుడు క్లబ్బు ప్రెసిడెంటు లైల్ ఫిస్టర్ గొంతు సవరించుకున్నాడు. ఫర్నిచరు కొట్లో ముప్పై ఏళ్లు సోఫాలమ్మిన మనిషి. ఏ మాటన్నా నీ మేలు కోరే అన్నట్టుంటుంది.

"న్యాయంగా పోదాం. వసంతం ప్రదర్శనలో కంపెనీ తరగతిలో ఎవరికి మొదటి బహుమతి వస్తే బల్ల వాళ్లది. ఇంజనుకే ఎక్కువ మార్కులు. నీకేం వెర్న్, ఇంజను నీ సొత్తేగా?"

"నాకు పోటీ ఎవడ్రా ఇక్కడ?" అన్నాడు వెర్నన్.

"అందుకేగా అంటున్నా."

అందరూ చప్పట్లు కొట్టారు. వెర్నన్ కూడా కొట్టాడు. తర్వాత చాలాకాలం ఆయన్ని అన్నిటికన్నా ఎక్కువగా బాధించింది ఆ చప్పట్లే.

కంపెనీ తరగతి అంటే కారు ఫ్యాక్టరీలోంచి ఎలా బయటికొచ్చిందో అలాగే ఉండాలి. అదనంగా ఒక్క మేకు కనబడినా తీసి పక్క బల్ల మీద, సొంత మార్పుల తరగతిలో పెట్టేస్తారు. వెర్నన్ అరవై అయిదు నాటి రెండు తలుపుల కారొకటి తీసుకుని, మిగతా కారు సంగతి వదిలేసి, దాని ఇంజను మీద పడ్డాడు.

అగ్గిపెట్టెలో పట్టే ఇంజను అది. వేళ్లతో తిప్పే బుల్లి డ్రిల్లుతో, ప్లగ్గులకి కరెంటు పంచే డిస్ట్రిబ్యూటరు మూతకి చుట్టూ ఎనిమిది కన్నాలు, నడుమ ఒకటి పెట్టాడు. పాత టెలిఫోను తీగ చీల్చి అందులోని పోగులతో ప్లగ్గు వైర్లు లాగాడు, ఏ వైరు ఏ ప్లగ్గుకి పోవాలో అసలు ఇంజను వరస ప్రకారమే. గిటారు తీగతో పెట్రోలు గొట్టం చేశాడు. కిట్టులో ఒకే ముద్దగా వచ్చిన కార్బ్యురేటరు పారేసి, ఏడు ముక్కలతో కొత్తది కట్టాడు. అందులో గాలి పలక నిజంగా తిరుగుతుంది. ఆ పలకని తిప్పిచూడ్డానికి సూది కావాలి, చూడ్డానికి భూతద్దం కావాలి, చూసి మెచ్చుకోడానికి మరో పిచ్చివాడు కావాలి.

ఆ పిచ్చివాడు ఓరిన్ టీజ్‌డేల్. సిటీ బస్సు నడుపుతాడు. వెర్నన్‌కి ఉన్న ఒకే ఒక్క స్నేహితుడు, అదీ పక్క కుర్చీ కాబట్టి.

"అబ్బ, అబ్బ! తిరుగుతోందిరా ఇది!" అన్నాడు ఓరిన్ భూతద్దంలోంచి. "బానెట్ వేసి చూశావా మరి?"

"ఏం?"

"పైకి పెంచావుగా. మూత పడుద్దో లేదో చూసుకోవాలి కదా."

"ఒరేయ్, ఇరవై ఆరేళ్లు ఇనుముతో పనిచేసినవాణ్ణి. బస్సు తోలేవాడివి, నువ్వు నాకు కొలతలు చెప్తావా?"

"బస్సుకైనా వంతెన కింద దూరే ముందు ఎత్తు చూసుకుంటాం బాబూ," అన్నాడు ఓరిన్ డోనట్ నములుతూ.

ఈ కిట్లు కట్టేవాళ్లు ఎవరైనా, కొత్తగా నేర్చుకునేవాడు కూడా, ఒక ముక్క పెట్టి ఒకసారి మూత వేసి చూస్తారు. జిగురు పెట్టకముందే చూస్తారు. వెర్నన్ చూడలేదు. తనకి అక్కర్లేదనుకున్నాడు. ఇంజనుని బిరడా మీద నిలబెట్టి తిప్పితిప్పి మురిసిపోయాడే గాని కారులో పెట్టి చూడలేదు. చివరికి రెండు పాళ్లు కలిపి వేసే గట్టి జిగురుతో, అదీ ధారాళంగా, కారులో బిగించేశాడు. ఆ జిగురు ఒకసారి పట్టిందంటే కారు విరగాలి తప్ప ఇంజను రాదు.

ఆ తర్వాత బానెట్ వేశాడు.

పడలేదు. బియ్యపు గింజంత సందు. నొక్కితే కార్బ్యురేటరు మీది ఎయిర్ ఫిల్టరు డబ్బా మూలిగింది.

"ఆ డబ్బా ఊడదీసి అడుగు కాస్త అరగదీయి, సరిపోద్ది," అన్నాడు ఓరిన్. "చెప్పానా" అని మాత్రం అనలేదు. ఆ అనకపోవడమే వెర్నన్‌కి ఎక్కువ మండింది.

"డబ్బా తీస్తే కింద పలక విరుగుద్ది. ఇంజను ముట్టుకునేది లేదు. తగ్గితే మూతే తగ్గాలి."

బానెట్‌ని తిరగేసి లోపలివైపు గరుకు కాగితంతో రుద్దడం మొదలెట్టాడు. రుద్దడం, వేసి చూడడం, మళ్లీ రుద్దడం. వెలుగుకి పెడితే ప్లాస్టిక్ ఉల్లిపొరలా మెరిసింది. ఇంకొక్క రుద్దు రుద్దితే సరిగ్గా కూర్చుంటుందనుకున్నాడు. ఆ ఒక్క రుద్దులో బొక్క పడింది. పెసరగింజంత.

భార్య జోలీన్ బడి క్యాంటీన్ నుంచి వస్తూ ఆయన్ని కారెక్కించుకోడానికి వచ్చింది. బానెట్ ఎత్తి పట్టుకుని ఆ బొక్కలోంచి భర్తని చూసింది.

"బాగానే కనపడుతున్నావు. దీనికేనా నెల్లాళ్ల నుంచి నా పుట్టినరోజు కూడా మర్చిపోయింది?"

"నవ్వు. బల్ల పోయిన్నాడు ఇంకా నవ్వుదువు గాని."

"బల్ల పోతే రోజూ ఇంట్లోనే కూర్చుంటావుగా. అప్పుడు నవ్వెక్కడొస్తుంది నాకు?" అంది. అన్నాక నిజంగానే దిగులేసినట్టుంది, బానెట్ బల్ల మీద పెట్టేసింది.

వెర్నన్ మిగులు ముక్కల పెట్టె గాలించి, పందెం కారు కిట్టులోంచి గాలిబుగ్గ ఒకటి పట్టుకొచ్చాడు. బానెట్ మీద గాలి పీల్చుకోడానికి పెట్టే బొడిపె అది. బొక్క మీద అతికించి, అంచులు కలిపి, నీలం రంగేశాడు. అతుకు కనబడలేదు. బానెట్ చక్కగా మూతపడింది. రెండు రోజులు దాన్ని చూసుకుని చూసుకుని, మూడోనాటికి ఆ బుగ్గ కంపెనీయే పెట్టిందని నమ్మడం మొదలెట్టాడు.

ప్రదర్శన యూనియన్ హాల్లో. తీర్పు చెప్పడానికి ఫోర్ట్ వేన్ నుంచి డోరీన్ టటిల్ అనే ఆవిడ వచ్చింది. మెళ్లో బుల్లి టార్చి, చేతిలో పళ్ల డాక్టర్లు వాడే అద్దం. అరవయ్యేళ్ల మనిషి, మొహమాటం లేదు. కంపెనీ తరగతి బల్ల మీద రెండే కార్లున్నాయి. పోటీ వెర్నన్‌తో అనగానే మిగతావాళ్లు పక్కకి తప్పుకున్నారు. రెండోది లైల్‌ది.

"ఈ బుగ్గ ఏ ఫ్యాక్టరీలో పెట్టారండీ?" అంది డోరీన్.

"కొన్నిటికి వచ్చేది మేడమ్. డీలర్లు పెట్టిచ్చేవారు."

"ఏ డీలరు?"

"మా నాన్న కారుకి ఉండేది."

"మీ నాన్న జీవితాంతం ఓరిన్ వాళ్ల బస్సులోనే తిరిగాడు కదరా వెర్న్," అన్నాడు లైల్ ఎంతో ప్రేమగా. హాలంతా నవ్వింది. ఓరిన్ కూడా నవ్వాడు, తర్వాత దగ్గాడు.

డోరీన్ బానెట్ ఎత్తి, టార్చి వేసి, అద్దం లోపలికి పెట్టింది. సూదితో గాలి పలక తిప్పింది. మళ్లీ తిప్పింది.

"ఇరవై ఏళ్లుగా తీర్పులు చెప్తున్నాను. ఇలాంటి ఇంజను చూడలేదు," అని బానెట్ తిరగేసి అడుగు చూసింది. ఆవిడకి అంతా అర్థమైంది. గొంతు తగ్గించింది. "చూడండి, బానెట్ తీసి పక్కన పెట్టేయండి. మూత లేకుండా పెట్టినా ఈ తరగతిలో ఉండొచ్చు, కొన్ని మార్కులు తగ్గిస్తానంతే. ఈ ఇంజనుకి అదొక లెక్క కాదు."

అంటే బల్ల చేతికందినట్టే. బానెట్ తీసి పక్కన పెడితే చాలు. కానీ పక్కన పెడితే తిరగబడి ఉంటుంది, లేదా లైల్ తిరగేసి చూస్తాడు. ఉల్లిపొర చూస్తాడు, బొక్క చూస్తాడు. ఇరవై ఆరేళ్లు ఇనుముతో పనిచేసిన కుబియాక్ మూత కొలవడం మర్చిపోయాడని టొలీడో అంతా సోఫాలమ్మిన గొంతుతో చెప్తాడు.

"మూత లేని కారు నేను పెట్టను," అన్నాడు వెర్నన్.

"ఆలోచించుకోండి."

"అయిపోయింది ఆలోచించడం. బుగ్గ ఉంటుంది."

"అయితే ఆ బల్ల మీదికి తీసుకెళ్లండి," అంది డోరీన్, సొంత మార్పుల వైపు చూపించి. ఓరిన్ తల పట్టుకున్నాడు.

సొంత మార్పుల తరగతిలో వెర్నన్‌కి మొదటి బహుమతి వచ్చింది. మోచెయ్యంత ఎత్తు, బంగారు రంగు ప్లాస్టిక్. హాలు లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. ఫొటో తీశారు. ఫొటోలో ఆయన ఏడుస్తున్నట్టుంటాడు, ఆనందం అనుకున్నారు.

కంపెనీ తరగతిలో ఇక మిగిలింది ఒక్క కారు. లైల్ దాని బానెట్ ఎత్తాడు. లోపల ఇంజను మొత్తం, బెల్టుతో బ్యాటరీతో సహా, ఒకే నీలం రంగు. ఒక్క వైరు లేదు. డబ్బాలోంచి వచ్చింది వచ్చినట్టే, జిగురు వేలిముద్రతో సహా.

"ఇది ఇంజనా?" అన్నాడు వెర్నన్.

"మూత పడుద్ది," అన్నాడు లైల్, వేసి చూపించాడు. టక్కుమంది.

డోరీన్ పెదవి విరిచింది గాని ఒంటరి కారుకి మొదటి బహుమతి ఇవ్వక తప్పుతుందా.

తర్వాతి గురువారం వెర్నన్ వెళ్లేసరికి ఆయన పనిముట్లు ఒక అట్టపెట్టెలో సర్ది మెట్ల దగ్గర పెట్టి ఉన్నాయి. జాగ్రత్తగానే సర్దారు, డ్రిల్లుకి గుడ్డ కూడా చుట్టారు. కిటికీ కింద లైల్ కాఫీ మిషనూ డోనట్ల పళ్లెమూ పెట్టాడు. ఫ్యాను తిప్పి కాఫీ చల్లార్చుకుంటున్నాడు.

"నువ్వు దీని మీద ఏం కడతావురా?" అన్నాడు వెర్నన్.

"కట్టడమెందుకు వెర్న్? కూర్చోడానికి బాగుంది. రా, ఒక కప్పు తాగు."

ఇప్పుడు వెర్నన్ తన పాత వ్యానులో, స్టీరింగు మీద చెక్క పలక అడ్డం పెట్టుకుని పని చేస్తున్నాడు. మంచు పడితే రంగు ఆరదు. ఎవరైనా అద్దం తట్టి, అసలు నీకు పోయిందేమిటయ్యా అని అడిగితే ఒక్క క్షణం కూడా తడుముకోడు. పొడవు ఆరడుగులు, వెడల్పు రెండున్నర. పదిహేను చదరపు అడుగులు.