ఊరికే కూచున్న పది నిమిషాలు

మా కన్సల్టింగ్ కంపెనీ మూడు నెలలకోసారి వేసే మేనేజ్‌మెంట్ పత్రికకు కథనాలు రాయడం నా ఉద్యోగం. బడ్డీకొట్టు కూడా నడిపి ఎరగను గానీ, ఫ్యాక్టరీ ఎలా నడపాలో చెప్పమంటే పేజీలు నింపేస్తాను. పోయిన సంచికలో తోటపల్లి గూడూరు దగ్గరి ఒక రొయ్యల ప్లాంటు గురించి రాశాను.

రెండు గంటలకోసారి పని ఆపి ఏం చేస్తారని అక్కడ రొయ్యలు ఒలిచే అబిగయీలక్కను అడిగాను. "ఏముండాది సారూ, పది నిమిషాలు ఊరికే కూచుంటాం" అంది నవ్వుతూ. మన ఆడవాళ్లు ఎంత చాకిరీనైనా 'ఊరికే' అనేస్తారు. ఆ మాట అంటున్నప్పుడు ఆమె చేతులు వేణ్ణీళ్ల బకెట్లో ఉన్నాయి. ఐసులో కొయ్యబారిన వేళ్లు మళ్లీ కదలాలంటే అదే మందు. బకెట్ నేను చూశాను. చూసి కూడా, ఆమె ఫోటో వేసి, ఆ మాట కింద పెట్టి, అదంతా వృథా సమయమని రాశాను. బకెట్ సంగతి రాస్తే కథనం పస తగ్గిపోయేది. మా ఎడిటర్ భుజం తట్టాడు.

అది చదివి యాజమాన్యం ఆ పది నిమిషాలు తీసేసింది. రెండో కథనం కోసం మొన్న మళ్లీ వెళ్లేదాకా నాకు తెలియదు. గేటు దగ్గరే అబిగయీలక్క నన్ను ఆపింది. షిఫ్టు దిగిన ఆడవాళ్లు కొంచెం ఎడంగా నిలబడ్డారు.

"నా ఫోటో చూసి, నేనే మేనేజరుకి చాడీలు చెప్పినానంటున్నారు సారూ. ఒక్కరూ నాతో మాట్లాడరు. చర్చిలో కూడా పక్కన కూచోరు. ఆ ఇంగ్లీషు పుస్తకంలో నేనేం చెప్పినానో వీళ్ల ముందర చదవండి. మీరు చదివితే నమ్ముతారు."

పత్రిక నా సంచిలోనే ఉంది. బకెట్ సంగతి దాచింది నేనేనని చెప్పాలి. చెప్పాలనే నోరు తెరిచాను. చెబితే ఉద్యోగం ఉండదని గుర్తొచ్చింది. అచ్చులో ఉన్న ఆమె మాట ఒక్కటే తెలుగులో చదివి ఊరుకున్నాను.

"విన్నారా?" అంది ప్రేమలీల అనే పెద్దావిడ మిగతావాళ్లతో.

అబిగయీలక్క వాళ్ల వైపు తిరిగింది. "అవును, ఆ మాట నేనన్నదే. సారుదేం తప్పు లేదు. నన్ను క్షమించండమ్మా" అని వాళ్లకు చేతులు జోడించింది.

వేణ్ణీళ్లు లేక వేళ్లు వాచి, వంగి కొయ్యబారిపోయి ఉన్నాయి. ఎంత నొక్కినా అరచేతులు కలవలేదు. సిగ్గుతో చచ్చిపోతూ నేను చూస్తూనే ఉన్నాను.