భ్రమరాంబిక టీచర్ అన్న మాట

ఆళ్లగడ్డ మీటింగులో భ్రమరాంబిక టీచర్ మాట్లాడింది మొత్తం కలిపి ఆరు నిమిషాలు. ఆ ఆరు నిమిషాల్లో ఒక్క అబద్ధం కూడా చెప్పలేదని ఆమె చాలా రోజులు నమ్మింది.

మీటింగు పెట్టింది ఉపాధ్యాయుల సంఘం. పిల్లలు తక్కువున్న బడులను మూసి పక్క ఊళ్ల బడుల్లో కలిపేస్తారని ఆ వేసవిలో మాట పుట్టింది. జాబితాలో నల్లమల అంచున ఉన్న చెంచు గూడేల బడులు కూడా ఉన్నాయి. "నువ్వు ఆ గూడేల్లో పుట్టినదానివి కదక్కా. మూయొద్దని నువ్వు చెప్తే ఇంటారు. మేం చెప్తే రాజకీయం అంటారు" అని సాయి ప్రియ పట్టుబట్టి ఆమెను తీసుకొచ్చింది.

ఇద్దరూ నంద్యాలలో ఒకే హైస్కూల్లో పనిచేస్తారు. ఆరేళ్లుగా ఒకే బెంచీ మీద క్యారియర్లు విప్పుకుని తింటారు. సాయి ప్రియది ఆళ్లగడ్డ పక్కన తరతరాలుగా భూమి ఉన్న ఇల్లు. అయినా ప్రభుత్వం పేదవాళ్లకు ఎంత చేసినా తక్కువేననీ, అది దయ కాదు, హక్కనీ వాదించే మనిషి. భ్రమరాంబికది బండి ఆత్మకూరు పైన, అడవిలో ఈతచేల గూడెం. ఆమె నాయన తిరుపాలు కొండల్లో తేనె తీసి బతికినవాడు. ఆమేమో ఎవరికీ ఏదీ ఊరికే ఇవ్వకూడదంటుంది. భూమి ఉన్నవాళ్ల బిడ్డ ఇవ్వాలంటుంటే, లేనివాళ్ల బిడ్డ వద్దంటుందని స్టాఫ్ రూములో నవ్వుకునేవారు.

భ్రమరాంబికకు మాత్రం అది నవ్వులాట కాదు. ఉద్యోగంలో చేరిన తొలి ఏడాదే "కోటాలో వచ్చిందిలే" అన్న మాట ఆమె చెవిన పడింది. అన్నవాడు రిటైరై వెళ్లిపోయాడు గానీ మాట మిగిలిపోయింది. అప్పటినుంచి ఆమె బడికి ఒక్కరోజు ఆలస్యం కాలేదు. జ్వరమొస్తే మాత్ర మింగి పాఠం చెప్పింది. తనకు వచ్చినదంతా తన రెక్కల కష్టమేనని ఎవరు అడిగినా అడక్కపోయినా చెప్పుకోవలసిన అవసరం ఆమెకు ఎప్పుడూ ఉండేది. దానికి తోడు అన్న మహేశ్వర్. గూడెంలోనే ఉంటాడు. అడవి పనికి పిలిస్తే పోతాడు, పిలవకపోతే చెట్టు కింద కూర్చుంటాడు. ఇంటికొచ్చిన రేషన్ బియ్యం అమ్మి తాగాడని మీటింగుకు నాలుగు రోజుల ముందే వదిన కాశమ్మ ఫోన్ చేసి ఏడ్చింది.

ఆ కోపం చల్లారకముందే మైకు చేతికొచ్చింది.

"నేను చదివేటప్పుడు మా గూడెంలో బడి లేదు" అంది భ్రమరాంబిక. "కిందూరికి మూడు కిలోమీటర్లు అడివిలో నడిచి, వాగు దాటి పోయి చదువుకున్నా. నన్నెవురూ చెయ్యి పట్టుకోని నడిపించల్యా. ఒక్కదాన్నే పైకొచ్చినా. ఈ పొద్దు బియ్యం ఇస్తాండారు, అమ్ముకుంటాండాం. ఇండ్లు ఇస్తాండారు, పాడు పెట్టుకుంటాండాం. ఇంక బడి కూడా గడపలోకి తెచ్చియ్యాల్నా? చెయ్యి చాపేది నేర్పినోళ్లు మమ్మల్ని బాగుచేయల్యా. మా పిల్లోళ్లని నడవనీయండి. నేను నడవల్యా?"

వెనక వరసలో ఎవరో చప్పట్లు కొట్టారు. సాయి ప్రియ తల వంచుకుని చేతిలోని కాగితాన్ని మడతలు పెడుతూ కూర్చుంది. ఎవరో ఫోన్‌లో అదంతా పట్టారు. మధ్యాహ్నం భోజనం వేళకే ఆ వీడియో ఆళ్లగడ్డ దాటిపోయింది.

ముందే అనుకున్న ప్రకారం భోజనం సాయి ప్రియ పుట్టింట్లో. తల్లి ప్రమీలమ్మ జొన్నరొట్టెలు, కోడికూర వడ్డించింది. తండ్రి రామయ్య ఫోన్ పట్టుకుని ఎదురొచ్చాడు. ఆయన మొహం వెలిగిపోతోంది.

"ఏం చెప్పినావు టీచరమ్మా! ఇరవై ఏండ్లుగా నేను మొత్తుకునేది ఇదే. ఊరికే ఇచ్చి ఇచ్చి మనుషుల్ని సోమరోళ్లని చేసిరి. మిరప కోతకు కూలోళ్లు దొరకడంల్యా."

"మన బోర్లకు కరెంటు ఎవురిస్తాండారు నాయనా?" అంది సాయి ప్రియ, కంచంలోంచి తల ఎత్తకుండా.

"అది వేరే. రైతు లేకపోతే దేశం తింటాదా? అది మా హక్కు."

"వానకు మినుము పోయినప్పుడు నష్టపరిహారం తెచ్చుకున్యాం కదా, అది?"

"నువ్వు మాట్లాడొద్దు. చూడు, గూడెంలో పుట్టిన ఆ యమ్మకు ఉండే బుద్ధి నీకు లేదు."

భ్రమరాంబిక తుంచిన రొట్టె కంచంలోనే వదిలేసింది. ఇలాంటి మిరప చేలల్లోనే చిన్నప్పుడు అమ్మ వెనకాల నడుస్తూ రాలిన కాయలు ఏరింది. అప్పుడు గట్టు మీద నిలబడి "సోమరి ముండల్లారా, చేతులు ఆడించండి" అని అరిచిన గొంతులు ఆమెకు గుర్తే. ఆ గొంతులకు తన మాట ఇంత ముద్దుగా ఎందుకు వినిపించిందో అర్థం కాలేదు. చెయ్యి కడుక్కుని లేచింది. తిరుగు బస్సులో సిరివెళ్ల దాకా సాయి ప్రియ పక్కనే కూర్చుంది గానీ, అక్కడ ముందు సీటు ఖాళీ కాగానే లేచి అందులోకి మారింది.

జూన్‌లో బడులు తెరిచారు. ఈతచేల గూడెం బడి తెరవలేదు. పద్నాలుగు మంది పిల్లలను కిందూరి బడిలో రాశారని పేపర్లో మూడు లైన్లు వచ్చాయి. నడుస్తారులే అనుకుంది భ్రమరాంబిక. మధ్యాహ్నం బెంచీ మీద ఆమె ఒక్కతే తిన్నది. సాయి ప్రియ తరగతి గదిలోనే తింటోంది.

జూలై ఆఖరున మూడు రోజులు ముసురు పట్టింది. నాలుగో రోజు, ఆదివారం తెల్లవారి కాశమ్మ నుంచి ఫోన్ వచ్చింది. ఏడవలేదు ఈసారి. "మీ అన్నకు కాలు ఇరిగింది. చందనకు జ్వరం. రావాలనుకుంటే రా" అని పెట్టేసింది.

బండి ఆత్మకూరు దాకా బస్సు, అక్కడినుంచి ఆటో, ఆటో ఆగిపోయాక బురదలో నడక, అప్పటికి మోకాళ్ల లోతుకు తగ్గిన వాగు. గూడెం చేరేసరికి పది దాటింది. ప్రభుత్వం కట్టిచ్చిన ఇంటి వరండాలో మహేశ్వర్ మంచం మీద పడుకుని ఉన్నాడు. మోకాలి కింద నుంచి చీలమండ దాకా వెదురు బద్దలు పెట్టి గుడ్డతో కట్టారు. పక్కన గోనెపట్టా మీద ఎనిమిదేళ్ల చందన దుప్పటి కప్పుకుని వణుకుతోంది.

భ్రమరాంబిక నోట్లోంచి మొదట వచ్చిన మాట ఇది: "తాగి పడినావా?"

మహేశ్వర్ మొహం గోడ వైపు తిప్పుకున్నాడు. లోపలినుంచి కాశమ్మ గంటె చేత్తోనే బయటికొచ్చింది.

"తాగినాడా! నిన్న మద్యాన్నం వాగు వచ్చె. బడి ఇడిచినాక పిల్లోళ్లు అవతల గట్టున నిలబడిపోయిరి. ఆరు మంది. ఈడున్న మగోళ్లంతా అడివి పనికి పోయిండిరి. ఈయన ఒక్కడే ఉండె. ఆరు తూర్లు దిగి ఆరుమందిని భుజం మీద ఎక్కించుకోని తెచ్చె. ఆకరిది నీ మేనగోడలే. వాగులో మొద్దు కొట్టుకోనొచ్చి కాలికి తగిలితే, ఆ కాలితోనే గట్టుకు తెచ్చి పారేసి పడిపాయ. నువ్వేమో తాగినావా అంటాండావు."

భ్రమరాంబిక వంగి చందన నుదురు తాకి చూసింది.

"ఇంగోటి కూడా ఇను" అంది కాశమ్మ. గొంతు తగ్గించింది. తగ్గించాక ఆ మాటలు ఇంకా గట్టిగా తగిలాయి. "బడి మూసేటప్పుడు మేము ఒప్పుకోలేదు. ఆపీసరు వచ్చి సెల్లులో నీ మాటలు పెట్టి ఇనిపించె. 'మీ ఆడబిడ్డే చెప్తాంది, ఇంక మీరేంది అడిగేది' అనె. గూడెం గూడెమంతా నోరు మూసుకునె. నన్నెవురూ చెయ్యి పట్టుకోని నడిపించల్యా అన్యావే, ఆ మాట మీ అన్న మూడు తూర్లు పెట్టిచ్చుకోని ఇనె. ఒక్క మాట అనల్యా. నాకు కడుపు రగిలిపాయ గానీ ఆయన అనల్యా."

ఆ క్షణాన భ్రమరాంబికకు తడి జుట్టు వాసన వచ్చింది. తన జుట్టు కాదు, అన్న జుట్టు. ఆరేళ్ల వయసులో ఆమె మొహం ఆనించి పడుకున్న తల అది. నాయన తేనెకు పోయి బండ మీదనుంచి జారి నడుము విరగ్గొట్టుకున్న ఏడు, పన్నెండేళ్లొచ్చినా మూడో తరగతే చదువుతున్న మహేశ్వర్ బడి మానేశాడు. కిందూరి రైతు మేకలు కాయడానికి కుదిరాడు. పొద్దున చెల్లెల్ని భుజం మీద ఎక్కించుకుని వాగు దాటించి బడిలో దింపేవాడు. మేకలు తోలుకుపోయి, సాయంత్రం వచ్చి మళ్లీ ఎక్కించుకునేవాడు. ఆమె హాస్టల్లో చేరేదాకా నాలుగేళ్లు అట్లాగే గడిచింది. దారిలో ఆమె ఆ రోజు నేర్చుకున్న పద్యం చెబుతుంటే, తప్పుపోతే మళ్లీ మొదటినుంచి చెప్పమనేవాడు. అతనికి చదవడం సరిగా రాదు గానీ చెవి మంచిది.

ఆమె మరిచిపోలేదు. ఉద్యోగం వచ్చినప్పటినుంచి ఆ కథ ఎంతోమందికి చెప్పింది. చెప్పిన ప్రతిసారీ కాస్త కురచ చేసింది. కురచ చేసినప్పుడల్లా ఒక మనిషి జారిపోయాడు. ముందు అన్న, ఆ తర్వాత కిందూరి పంతులు, ఆ తర్వాత సెలవులకు కూడా ఇంటికి పోలేని పిల్లలకు తన వంట పెట్టిన హాస్టలు ఆయా ఆదెమ్మ. చివరికి కథలో ఆమె ఒక్కతే మిగిలింది.

మంచం పట్టె మీద కూర్చుంది. అన్న పాదం మీద చెయ్యి వేసింది. అతను లాక్కోలేదు.

"నువ్వు చెప్పిండేదాంట్లో తప్పేం లేదులే పాపా" అన్నాడు మహేశ్వర్, గోడ వైపే చూస్తూ. "నేను తాగుతాండా. బియ్యం అమ్మినా. అబద్ధమా అది? నన్ను తిట్టు, పడతా. పిల్లోళ్లు ఏం తాగినారు? ఏం అమ్మినారు?"

ఆమె లేచి గూడెంలో ఇద్దరు మనుషుల్ని పిలిచి, మంచంతో సహా అన్నను మోయించి ఆటో దాకా తెచ్చింది. చందనను తను ఎత్తుకుంది. నంద్యాలలో ఎముకల డాక్టరుకు చూపించి కట్టు వేయించింది. పిల్ల జ్వరం మూడో రోజుకు తగ్గింది.

మరుసటి వారం భోజనాల వేళ ఆమె క్యారియర్ పట్టుకుని సాయి ప్రియ తరగతి గదికి వెళ్లింది. జరిగింది జరిగినట్టు చెప్పింది. సాయి ప్రియ కళ్లు తుడుచుకుని, "ఇన్నాళ్లకు మా దారికొచ్చినావక్కా" అంది.

"మీ దారి కాదు ప్రియా" అంది భ్రమరాంబిక. "పేదోళ్లకు ఇయ్యాల, ఇయ్యాల అంటావు నువ్వు. మీ ఇంట్లో ఎవురూ వరసలో నిలబడి సంచి పట్టలేదు. తీసుకునేటప్పుడు తల యాడికి పోతాదో నీకు తెలీదు. మా అన్న తాగుడు నేను ఇడిచిపెట్టను, తిడతా. కానీ వాగు మా అన్న పెట్టలేదు. వాగు మీద వంతెన మా అన్న కట్టలేడు. ఇన్ని రోజులు నేను ఆ రెండిటినీ ఒకటే చేసి మాట్లాడినా."

సాయి ప్రియ బల్ల సొరుగులోంచి తెల్లకాగితం తీసింది. "అర్జీ నేను రాస్తా" అంది.

"వద్దు, నేను రాస్తా. నువ్వు వచ్చి పక్కన నిలబడు, చాలు."

సోమవారం ఆమె సెలవు పెట్టింది. చేరిన తర్వాత అదే మొదటి సెలవు. కలెక్టరాఫీసులో అర్జీలు తీసుకునే హాలు బయట వరస గేటు దాకా ఉంది. బేతంచెర్ల నుంచి నాపరాళ్ల పనివాళ్లు, పాములపాడు నుంచి రైతులు, చంకకర్రల మీద మహేశ్వర్, చందన చెయ్యి పట్టుకుని కాశమ్మ, పక్కన సాయి ప్రియ. వరసలో నిలబడ్డప్పుడు తెలిసినవాళ్లు ఎవరైనా చూస్తారేమోనని భ్రమరాంబిక రెండుసార్లు పైట సర్దుకుంది. ఆ సిగ్గు తనలో ఇంకా ఉన్నందుకు తనమీద తనకే కోపం వచ్చింది.

లోపల అధికారి కాగితం చదివి తలెత్తి ఆమెను గుర్తుపట్టాడు.

"మేడం, మీ మాటలు విని చాలా సంతోషించాం. మీలాంటి వాళ్లే చెప్పాక కదా, ఊళ్లో ఒప్పించగలిగాం. ఇప్పుడు మీరే..."

"ఆ పొద్దు సగమే చెప్పినా సార్. మిగిలిన సగం చెప్పనీకి వచ్చినా" అంది. పక్కకు జరిగి అన్నను ముందుకు రమ్మంది. "ఈయన మా అన్న. నేను నడవలేదు సార్ బడికి. ఈయన భుజం మీద పోయినా. ఈయన చదువు మూడో తరగతిలో ఆగిపాయ. ఒక పిల్ల చదవాలంటే ఇంగొక పిల్లోడు మానేయాల్సి వచ్చె. అట్ల మళ్లీ కాగూడదని గూడెంలో బడి పెట్టిరి. మీరు తీసేసిరి. నా మాట చూపించి తీసేసిరి. ఆ మాట ఎనక్కి తీసుకుంటాండా."

హాలులో పక్క టేబుళ్ల దగ్గరివాళ్లు కూడా తిరిగి చూశారు. మహేశ్వర్ తల వంచుకుని చంకకర్రల వైపు చూస్తున్నాడు. అధికారి కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. మంచివాడే. ఈ ఏడాదికి ఉత్తర్వు మార్చడం తన చేతిలో లేదని, ఆటో పెట్టించడానికి రాస్తానని, కాలిబాట వంతెనకు అంచనా వేయిస్తానని చెప్పి రశీదు ఇచ్చాడు.

ఆటో సెప్టెంబరులో వచ్చింది. వాగు దాకా వచ్చి ఆగుతుంది. వంతెన రాలేదు. సాయి ప్రియ ఆ రోజు హాలులో తీసిన వీడియో తన గ్రూపులన్నిటిలో పెట్టింది. మొదటిదాన్ని జిల్లా అంతా పంచుకున్నారు. దీన్ని మాత్రం ఎవరూ ముందుకు పంపలేదు. రామయ్య ఫోన్ చేసి, "నిన్ను కూడా మా పాప చెడగొట్టిందమ్మా" అన్నాడు. కోపంగా కాదు, నిజంగా బాధపడుతూ. భ్రమరాంబిక ఆయనతో వాదించలేదు. కాశమ్మ ఆమెతో ఇంకా అవసరమైనంత మేరకే మాట్లాడుతుంది.

నవంబరులో మళ్లీ ఒక సోమవారం, "పరిశీలనలో ఉన్నది" అన్న జవాబు పట్టుకుని భ్రమరాంబిక అదే హాలు దగ్గరికి వచ్చింది. మహేశ్వర్ కుంటుతూ బస్సు దిగివచ్చాడు. దగ్గరికి రాగానే వాసన తెలిసింది.

"పొద్దున్నే తాగినావా? ఈ పొద్దు కూడానా?" అంది.

"కొంచెం" అన్నాడు. "ఆపీసర్ల ముందర నిలబడాలంటే భయమైతాది పాపా."

ఆమె అతన్ని గేటు పక్కకు తీసుకుపోయి, నలుగురూ చూస్తున్నా లెక్కచేయకుండా తిట్టింది. కొళాయి కింద మొహం కడిగించింది. తన పైటకొంగుతో తుడుచుకోమంది. టీ తాగించింది. ఆ తర్వాత ఇద్దరూ పోయి వరస చివర నిలబడ్డారు.

వాళ్లకు ముందు నలభై మంది దాకా ఉన్నారు.