లేదు అంటే ఏమిటి

ఆసుపత్రులకు ప్రోగ్రాములు రాసిచ్చే ఆ రెండు గదుల ఆఫీసుకు యజమాని బావ. చాకిరీ మరదలిది. బావకు అన్నీ తొందరే, మరదలికి అన్నీ అనుమానాలే. అక్క ఇద్దరికీ సర్దిచెప్పలేక ఎప్పుడో చేతులెత్తేసింది.

ఈసారి గొడవ తెరమీది ఒక్క గడి గురించి. రోగికి పడని మందు పేరు అందులో కనబడాలి. ఆ గడిలో ఏవి ఉండొచ్చో చెప్పే టైపు ఒకటి మరదలు కట్టింది: మందు పేరైనా ఉండాలి, పడనిదేదీ లేదనైనా ఉండాలి, అసలు అడగలేదనైనా ఉండాలి. ఈ మూడింటికీ దారి చూపని చోటల్లా, ప్రోగ్రాంలో తప్పులు పట్టే కంపైలరు ఎర్రగీత గీసి మొరాయించింది. పాత ప్రోగ్రాంలో అలాంటి చోట్లు కోకొల్లలు.

"రేపు పొద్దున అప్పగించాలి. ఈ చాదస్తం ఇప్పుడా?" అన్నాడు బావ. "ఖాళీగా ఉంటే 'లేదు' అని చూపించు, చాలు."

"ఏం లేదు బావా? పడనిదా, వివరమా?"

"లేదంటే లేదే. తెలుగు రాదా నీకు?"

వాదించే ఓపిక లేక ఆమె తన టైపు చెరిపేసి, దేన్నైనా ఒప్పుకునే 'ఏదైనా' అనే టైపు పెట్టి, ఖాళీ ఉన్నచోట 'లేదు' అని చూపించింది. ఎర్రగీతలన్నీ మాయమయ్యాయి. నిజానికి ఆమెకూ ప్రాణం హాయిగానే అనిపించింది.

ప్రోగ్రాం అప్పగించిన వారంలోనే నర్సు ఫోన్ చేసింది.

"ఒక పెద్దావిడకి స్పృహ లేదండీ, వెంట ఎవరూ రాలేదు. పాత రోగే. పడని మందు దగ్గర 'లేదు' అని ఉంది. డాక్టరుగారు ఇంజెక్షన్ చెయ్యమన్నారు. లేదంటే, పడనిది లేదనేగా?"

మరదలికి భయం వేసింది, దానికంటే ఎక్కువగా సిగ్గేసింది.

"తెలీదండీ. ఆ ఇంజెక్షన్ చెయ్యకండి. తెలీదనే డాక్టరుగారికి చెప్పండి."

డాక్టరు వేరే మందు ఇచ్చాడు. సాయంత్రం పెద్దావిడ కొడుకు పరుగున వచ్చాడు. మొదట అనుకున్న మందుకే ఒకసారి అమ్మకు గొంతు వాచి ఊపిరాడలేదని చెప్పాడు. ఆ సంగతి ఆసుపత్రిలో ఇదివరకెవరూ అడగలేదట.

మర్నాడు మరదలు 'ఏదైనా' తీసేసి పాత టైపే మళ్లీ పెట్టింది. తెరంతా ఎర్రబడింది. బావ వెనకనుంచి తెరకేసి చూశాడు.

"నిన్నటిదాకా బాగానే ఉందిగా, ఇన్ని తప్పులు ఎక్కణ్ణుంచి వచ్చాయి?"

"నిన్నా ఉన్నాయి బావా. ఎర్రగీత గీసి చెప్పేదాని నోరు నొక్కేశాం, అంతే."

బావ కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాడు.

"మొదటిది ఎక్కడుందో చూపించు," అన్నాడు.