షట్టరింగ్ చెక్కలతో వండిన తలకాయ కూర

మాదాపూర్‌లో ఆ కంపెనీ ఏడో అంతస్తులో తిరుపతి పనేమిటంటే కాఫీ మిషన్లలో పాలు పోయడం, బల్లలు తుడవడం, మీటింగ్ గదుల్లోకి బిస్కెట్లు మోయడం. ఆ అంతస్తులో అందరికన్నా ఎక్కువ ఏళ్లు విదేశాల్లో బతికింది అతనే. దుబాయ్‌లో మూడేళ్లు, బహ్రెయిన్‌లో రెండు, ఒమన్‌లో నాలుగు. ఎవరూ అడగలేదు, అతను చెప్పలేదు.

చివరికి చెప్పాల్సి వచ్చింది తమ్ముడి కోసం. తమ్ముడు లింగమూర్తి ఒమన్‌లో, సోహార్ అవతల ఒక లేబర్ క్యాంపులో చిక్కుకుపోయాడు. పనిచ్చిన కంపెనీ మూతపడింది. యజమాని పాస్‌పోర్టులతో సహా మాయమయ్యాడు. పదకొండు మంది, రోజుకొక్క పూట తింటున్నారు. లింగమూర్తికి పది రోజులుగా జ్వరం. తిరుపతి పనిచేసే కంపెనీకి మస్కట్‌లో ఆఫీసుంది. అక్కడి నుంచి ఒక్క మనిషి బండేసుకుని వెళ్లి వాళ్లను ఎంబసీ గుమ్మం దాకా చేరిస్తే చాలు. హెచ్చార్‌లో వాసంతి మేడం దగ్గరికి వెళ్లి అతను అడిగింది అంతే.

"అయ్యో" అంది వాసంతి. "కనుక్కుంటానండి. అయితే మీరు అబ్రాడ్‌లో చేశారన్నమాట. శుక్రవారం మన ప్రోగ్రాంలో మీరూ మాట్లాడాలండి. తిరిగిన దేశాల్లో బాగా నచ్చిన భోజనం గురించి. రెండు నిమిషాలు, సరదాగా."

తిరుపతి ఒప్పుకున్నాడు. చేతికి మైకు ఇస్తారు. ఎదురుగా నాలుగొందల మంది ఉంటారు. అందులో ఒక్కరైనా మస్కట్‌కు చెయ్యడానికి ఫోను తీయకపోతారా అనుకున్నాడు.

శుక్రవారం మధ్యాహ్నం కాంటీన్‌లో పెద్ద తెర కట్టారు. తేజస్విని అనే అమ్మాయి ఇస్తాంబుల్‌లో తిన్న టిఫిన్ చూపించింది. పందొమ్మిది గిన్నెలు. సగం వదిలేసి లేచామని నవ్వింది. మస్కట్ ఆఫీసు పనులు చూసే మేనేజర్ రవికిరణ్, లిస్బన్‌లో కాల్చిన చేపల కోసం రెండు గంటలు లైన్లో నిలబడ్డానని చెప్పాడు. "ఆకలంటే ఏంటో ఆ రోజు తెలిసిందండి" అన్నాడు. అబద్ధమేం కాదు. ఆయనకు ఆ రోజే తెలిసి ఉంటుంది.

తిరుపతి లేస్తుంటే సూపర్‌వైజర్ ఆకాష్ చెయ్యి పట్టుకున్నాడు. "తిరుపతన్నా, తిండి ముచ్చట చెప్పి దిగు. వేరేది మాట్లాడితే నా మీదికొస్తది."

"నువ్వేం ఫికర్ చెయ్యకు తమ్మీ" అని తిరుపతి మైకు అందుకున్నాడు.

"నమస్తే. నేను తిన్న మంచి బువ్వ ఒమన్ల. మా క్యాంపు వంటోడు పారిపోయిండు. ఇరవై దినాలు ఉల్లిగడ్డ, ఖుబూస్ రొట్టె, గంతే. ఓ దినం పఠాన్ డ్రైవరొకాయన మేక తలకాయ తెచ్చిండు. గ్యాస్ లేదు. స్లాబుకు కొట్టే షట్టరింగ్ చెక్కలు ఇరగ్గొట్టి పొయ్యి వెట్టినం. ఆ చెక్కలకు నూనె రాస్తరు గద, పొగంత గదే వాసన, కూర గూడ గదే వాసన. తొమ్మిది మందిమి ఒక్క పళ్లెంల తిన్నం. కండ్లు ఎవలు తినాలెనని లొల్లి. పఠాన్ ముట్టలే. గీ మేక తొవ్వపొంటి నన్నే చూసుకుంట వచ్చింది, నన్ను గుర్తుపడ్తదన్నడు."

గదంతా నవ్వింది. అతను నవ్వు ఆగేదాకా నిలబడ్డాడు.

"ఇప్పుడు నా తమ్ముడు గసొంటి క్యాంపులనే ఉన్నడు. గాళ్లకు తలకాయ తెచ్చేటోడు లేడు. జ్వరంతోని పడి ఉన్నడు. మన మస్కట్ ఆఫీసు నుంచి జర ఒక్క మనిషిని పంపుండ్రి సార్. మీ కాల్మొక్త."

ఎవరో చప్పట్లు కొట్టారు. ఆ వెంటనే అందరూ కొట్టారు. లేచి నిలబడి కొట్టారు. వాసంతి కళ్లు తుడుచుకుంది. "ఎంత ఇన్‌స్పైరింగ్‌గా చెప్పారండి" అంది. ఫోన్లలో ఓట్లు వేశారు. మొదటి బహుమతి తిరుపతిది. పెద్ద హోటల్లో ఇద్దరికి రాత్రి భోజనం కూపన్.

ఆ కూపన్ చేతిలో పట్టుకునే అతను రవికిరణ్ వెనక లిఫ్టు దాకా పరుగెత్తాడు. "సార్, మస్కట్‌కు ఒక్క ఫోను."

"చాలా కదిలించావు తిరుపతీ, నిజంగా. కానీ అక్కడి వాళ్లకు ఇలాంటివి చెప్పలేమయ్యా, లీగల్ సమస్య వస్తుంది. ఎంబసీకి మెయిల్ పెట్టు."

"ఇంగ్లీషు రాదు సార్."

"నేను రాసి నీ ఫోనుకు పంపిస్తాలే" అన్నాడు రవికిరణ్. లిఫ్టు తలుపు మూసుకుంది.

శని, ఆదివారాలు చందానగర్ గదిలో తిరుపతి ఫోను పట్టుకునే కూర్చున్నాడు. ఏమీ రాలేదు. సోమవారం వాసంతిని అడిగితే "పైవాళ్లకు ఫార్వర్డ్ చేశానండి" అంది. లిఫ్టు పక్కన గోడ టీవీలో అతని వీడియో తిరుగుతోంది. షట్టరింగ్ చెక్కలున్నాయి, పఠాన్ ఉన్నాడు, నవ్వులున్నాయి. నవ్వుల మీంచి నేరుగా చప్పట్లకు కత్తిరించారు. తమ్ముడు లేడు. పాల ప్యాకెట్లు మోసుకుంటూ తిరుపతి దాన్ని మూడుసార్లు చూశాడు. మూడుసార్లూ అంతే.

మధ్యాహ్నం ఇమో యాప్‌లో లింగమూర్తి ఫోన్ చేశాడు. గొంతు పీలగా ఉంది.

"అన్నా, మీ సార్లకు చెప్పినవా?"

"చెప్పిన."

"ఇన్నరా?"

"ఇన్నరు. నాలుగొందల మంది ఇన్నరు. లేచి చప్పట్లు కొట్టిండ్రు."

"చప్పట్లా" అన్నాడు లింగమూర్తి. ఊపిరి తీసుకుని అవతలికి కేకేశాడు. "అరేయ్, మా అన్న ఆఫీసంత లేచి నిలవడ్డరంట. వస్తరు, ఇగ వస్తరు." వెనక మగవాళ్ల గొంతులు లేచాయి. ఎవడో ఈల వేశాడు. "అన్నా, మసీదోళ్లిచ్చిన పిండి నాలుగు దినాలకని దాచినం. ఇగ దాసుడెందుకు. ఇయ్యాల మొత్తం కలుపుతమంటున్నరు, కడుపు నిండ తింటం."

వద్దురా, దాచుండ్రి అనాలి. రెండే మాటలు. తిరుపతి నోరు తెరిచాడు. అవతల గిన్నె చప్పుడు, నీళ్లు పోస్తున్న చప్పుడు వినిపించాయి.

"అన్నా, ఉన్నవా?"

"ఉన్న" అన్నాడు తిరుపతి. "తినుండ్రి."