ఖంగున మోగిన చక్రం

కొండ మలుపులో ముందున్న లారీ ఆగింది. దాని వెనకే స్పీడు టాక్సీ కూడా ఆగింది.

స్పీడు అన్నది, దుడుకుగా నడుపుతాడని స్నేహితులు పెట్టిన పేరు. వెనక సీట్లో ఉన్నది అతని అత్తగారు. ఆమె రెండు కిడ్నీలూ పనిచేయడం మానేశాయి. రోజు విడిచి రోజు కొండ అవతలి ఆస్పత్రికి తీసుకెళ్లి డయాలిసిస్ చేయించాలి. ఒక్కసారి తప్పినా నీరు ఊపిరితిత్తుల్లోకి చేరుతుందని డాక్టరమ్మ గట్టిగా హెచ్చరించింది. కింది వంతెన కూలిపోయాక మిగిలింది ఈ నిటారు దారి ఒక్కటే. దాని పేరు చెబితే చాలు, మిగతా టాక్సీలవాళ్లు ఫోన్ పెట్టేస్తున్నారు.

లారీ కదిలింది. స్పీడు క్లచ్ వదిలాడు.

కారు చలిజ్వరం వచ్చినట్టు వణికింది. ఒక్క ఉదుటున ముందుకు దూకి, చచ్చి ఊరుకుంది. ఆ వెంటనే వెనక్కి జారడం మొదలుపెట్టింది. వెనకున్న జీపు హారన్ గోలగోలగా మోగింది. స్పీడు బ్రేకు మీద దాదాపు నిలబడ్డాడు.

"అల్లుడూ," అంది అత్తగారు నింపాదిగా, "ఆస్పత్రి ముందు వైపుంది."

కిందామీదా పడి ఆ రోజుకి ఆస్పత్రికి చేరారు. ఇంటికి తిరిగి రావడం మాత్రం అదృష్టమే. కారంతా కాలిన వాసన.

స్పీడు అక్క భర్త మెకానిక్. షెడ్డులో ఒక మూల అతని సొంత కారు దిమ్మల మీద నిలబడి ఉంది. స్పీడు టాక్సీ లాంటిదే, రంగొక్కటే వేరు. తుక్కులోకి పోతున్న దాన్ని తెచ్చి, తీరిక దొరికినప్పుడల్లా బాగుచేసుకుంటున్నాడు. ఈ ఆదివారం అందులో భార్యకు సముద్రం చూపిస్తానని మాటిచ్చాడు. ఆ మాటకి వయసు మీరిపోయిందని అక్క దెప్పుతూనే ఉంటుంది.

బావ టాక్సీ గేర్‌బాక్స్ దించి, ఫ్లైవీల్ బయటికి తీశాడు. ఇంజనుకీ క్లచ్‌కీ మధ్య తిరిగే బరువైన ఇనుప చక్రం అది. ఇంజను కుదుపులు కుదుపులుగా ఇచ్చే బలాన్ని తనలో దాచుకుని, నిదానంగా అందించడం దాని పని. ఇప్పుడది నీలంగా కమిలిపోయి ఉంది. మధ్యలో సన్నటి పగుళ్లు.

"సానబట్టిస్తే సరిపోదా బావా?"

"పుచ్చిపోయిన పన్నుకి పాలిష్ పెట్టించుకుంటావా? పద, కొత్తది చూద్దాం."

స్పేర్ పార్టుల దుకాణంలో ఒక చక్రం వెండి పళ్లెంలా మెరుస్తోంది. స్పీడు ఒంటిచేత్తో ఎత్తి చూశాడు. పువ్వులా తేలిగ్గా ఉంది.

"ఇది వేస్తే ఇంజను రయ్యిమంటుంది సార్," అన్నాడు దుకాణదారు.

"రయ్యిమని ఎక్కుతుంది, అంతే తొందరగా దిగిపోతుంది," అన్నాడు బావ. "ఎత్తు మీద ఆగి బయల్దేరాలంటే దీనికి బరువేదీ? నువ్వు వెళ్లేది కారు పందేనికా, అత్తగారితో ఆస్పత్రికా?"

"ఆవిడ బండిలో ఉంటే రెండూ ఒకటే బావా."

బావ నవ్వలేదు. అటక మీదున్న ఏకముక్క ఉక్కు చక్రాన్ని దింపించాడు. మొరటుగా ఉంది, బరువుగా ఉంది. కొండదారికి ఏళ్ల తరబడి నిలిచే రకం. ఆ రకంలో ఆఖరిది.

"ఇదే!" అన్నాడు స్పీడు.

"ఆగు." బావ దాన్ని తాడుతో కొక్కేనికి వేలాడదీసి, స్పానరుతో అంచు మీద కొట్టాడు.

టప్.

పక్కనున్న వేరే బండి ఉక్కు చక్రాన్ని కూడా అలాగే వేలాడదీసి కొట్టాడు. ఖంగ్‌మని మోగి, ఆ మోత చాలాసేపు దుకాణంలోనే తిరిగింది.

దుకాణదారు ముఖం పాలిపోయింది. "టప్‌మన్నది కూడా కొత్తదే సార్!"

"కొత్తదే. ఎక్కడో కిందపడి లోపల చిట్లింది. మా అమ్మ కుండ కొనేటప్పుడు తట్టి చూసేది, నేను ఇనుముని తట్టి చూస్తాను. కొండ మీద ఇది పగిలితే ముక్కలొచ్చేది వీడి కాళ్ల మీదికే."

దుకాణదారు చెంపలేసుకున్నంత పనిచేసి దాన్ని తుక్కులో పడేశాడు. ఇంకొకటి తెప్పించాలంటే వారం పడుతుందన్నాడు. అత్తగారికి అంత గడువు లేదు. మళ్లీ ఆస్పత్రికి వెళ్లాల్సింది ఎల్లుండే.

షెడ్డు ముందు దిగాక బావ, "రేపు సాయంత్రం రా. చక్రం దొరుకుతుంది," అన్నాడు.

"ఎక్కడ దొరుకుతుంది?"

"తినేవాడివి, వంటింటి సంగతి నీకెందుకు?"

మర్నాటి సాయంత్రానికి టాక్సీ సిద్ధమైంది.

ఆస్పత్రి రోజున, సరిగ్గా అదే మలుపులో, మళ్లీ ఓ లారీ ఆగింది. స్పీడు బ్రేకు తొక్కి పట్టాడు. లారీ కదిలింది. అతను క్లచ్ మెల్లగా వదిలాడు.

వణుకు లేదు. దూకుడు లేదు. అరక కట్టిన ఎద్దులా కారు ఎత్తు ఎక్కేసింది.

"కారు మార్చావా అల్లుడూ?"

"లేదత్తయ్యా, లోపలొక చక్రం మార్చాం."

"ఈ బుద్ధి మొన్నే ఉండాల్సింది," అంది ఆమె. కానీ మలుపు దాటేదాకా పట్టుకున్న సీటు అంచుని అప్పుడు వదిలింది.

తిరిగొస్తూ, బావకి కృతజ్ఞత చెప్పాలని షెడ్డు దగ్గర ఆపాడు స్పీడు. బావ లేడు. అక్క ఒక్కతే ఉంది, దిమ్మల మీది కారు సీట్లకి గుడ్డ కప్పుతోంది. పక్కన బల్ల మీద ఆ కారు ఇంజను. దాని వెనక ఫ్లైవీల్ ఉండాల్సిన చోట ఖాళీ బోల్టు రంధ్రాలు.

"అక్కా... మా బండిలో వేసిన చక్రం మీ కారుదా?"

"ఏరి కోరి కొనుక్కున్నాడు. తెచ్చిన రోజు దాన్ని మోగించి, 'విన్నావా' అని నన్నే పదిసార్లు అడిగాడు," అక్క నవ్వింది. "నీకు చెప్పొద్దన్నాడు. చెప్పలేదు. నువ్వే చూశావు."

"మరి సముద్రం?"

"ఎక్కడికి పోతుందిరా? ఇన్నాళ్లూ ఆగింది."

అప్పుడే బావ టీ గ్లాసులతో వచ్చి, వాళ్ల ముఖాలు చూసి, తప్పు చేసినవాడిలా నిలబడిపోయాడు. స్పీడు వెళ్లి గట్టిగా కౌగిలించుకున్నాడు. టీ ఇద్దరి చొక్కాల మీదా ఒలికింది.

"ఒరేయ్, కాలుతోందిరా!"

ఈ లోపు అత్తగారు కారు దిగి, తలుపు పట్టుకుని అంతా వింది. బావని అడిగింది, "సముద్రానికి దారి బాగుంటుందా?"

"బాగానే ఉంటుంది పిన్నిగారూ."

"ఆదివారం నాకు ఆస్పత్రి లేదు. మీ చక్రం మా కారులో ఉంది. మీరు కూడా అందులోనే ఎక్కండి. నేనూ వస్తాను. సముద్రం చూసి చాలా కాలమైంది."

అక్క చేతిలోని గుడ్డ జారిపోయింది.

ఆదివారం తెల్లవారగానే స్పీడు తాళంచెవి బావ చేతిలో పెట్టాడు. "నువ్వే నడుపు బావా."

"నడపక? నీకు స్పీడని ఊరికే పేరు పెట్టారా?" అంటూ బావ స్టీరింగ్ ముందు కూర్చున్నాడు.

వెనక సీట్లో అత్తగారు అప్పటికే అక్కకి కిటికీ వైపు చోటిచ్చి, తలుపు వేసుకుంది.