హైమవతి గారి గేటు మీది పేరు

నేను ఒక టేకు పలకను. కాకినాడలో ఒక వడ్రంగి నన్ను చిత్రిక పట్టాడు. నూకరాజు అనే పెయింటరు నా మీద "పెమ్మరాజు హైమవతి, అడ్వకేటు" అని రాశాడు. ఆడ ప్లీడరుకు బోర్డు రాయడం అతనికి అదే మొదలు.

"కింద మీ ఆయన పేరు కూడా రాయమంటారా అండి? లేపోతే జనం నమ్మరండి" అన్నాడు.

"ఆయన కేసులు వాదించరు కదా, నూకరాజూ" అని నవ్వింది హైమవతి గారు.

గేటు దాటేవాళ్లు ముందు నన్నే చదివేవారు. చదువు రానివాళ్లు చేత్తో తడిమేవారు. అలా తడిమిన మనిషి వాసంశెట్టి అచ్చియ్యమ్మ. మొగుడు పోగానే మరుదులు ఆమెను కొబ్బరితోటలోంచి వెళ్లగొట్టారు. అసలు పెళ్లే కాలేదని, ఊరికే ఉంచుకున్నాడని ఊరంతా చాటారు.

"తోట పోతే పోయిందండి. నేనాయన పెళ్లాన్నని కోర్టోరు ఒక్క మాట రాసిత్తే చాలండి" అంది అచ్చియ్యమ్మ.

"రాయిస్తాను. ఏడవకు" అంది హైమవతి గారు.

మూడేళ్లు వాదించి జిల్లా కోర్టులో రాయించింది. మరుదులు హైకోర్టుకు వెళ్లారు. ఆ ఏడే హైమవతి గారికి ఎన్నికల టిక్కెట్టు వచ్చింది. గేటు ముందు జీపులు నిండాయి. "ఎన్నికలు కానీ, హైకోర్టులోనూ నేనే వాదిస్తాను" అని అచ్చియ్యమ్మకు మాటిచ్చింది. గెలిచింది, మంత్రి అయింది, ఆ కాగితాలు వేరే వకీలుకు పంపేసింది. రైలు కదిలితే కన్నీళ్లు పెట్టుకునే మనుషులు, గేటు దగ్గర ఒకరిని నిలబెట్టి వెళ్లిపోతే అదీ ఎడబాటే అనుకోరు.

మరుసటి ఎన్నికల్లో ఓడిపోయింది. హైదరాబాదులో ప్రభుత్వ న్యాయవాదిగా కొన్నేళ్లు పనిచేసి, హైకోర్టు జడ్జి అయింది. నన్నూ అక్కడి బంగళా గేటుకు తెచ్చి, పాత రాత గీకేసి "జస్టిస్ పెమ్మరాజు హైమవతి" అని రాశారు. ఇక చుట్టాల రాక తగ్గింది. పలకరింపులు కొలిచినట్టయ్యాయి.

అలాంటి ఇంటికి ఒక సాయంత్రం అచ్చియ్యమ్మ పూతరేకుల పొట్లంతో వచ్చింది. నడుం వంగిపోయింది. నన్ను మళ్లీ తడిమింది.

"నా కేసు రేపు మా అమ్మగారి ముందుకే వత్తాంది బాబూ. ఈవిడ బెంచీకి రావాలని రెండేళ్లు వాయిదాలడిగించాను. ఈవిడ ఇనడం కుదరదన్నాడు మా వకీలు. ఆడికేం తెలుసు" అంది కాపలా కానిస్టేబులుతో.

"కేసున్నోళ్లు లోపలికి పోవద్దమ్మా. జర పక్కకు జరుగు."

కారు వచ్చింది. అద్దం వెనక హైమవతి గారి చెయ్యి లేచింది, లేచినంత సేపు పట్టలేదు, ఒళ్లో పడింది. కారు ఆగలేదు.

మర్నాడు కోర్టులో జరిగింది డ్రైవరు చెప్పగా విన్నాను. ఫైలు తెరిచి, "ఈమె తరఫున ఒకప్పుడు నేనే వాదించాను. నేను వినకూడదు, వేరే జడ్జి ముందు పెట్టండి" అందట. నిమిషం పట్టలేదు. ఆ కాగితాలు మళ్లీ వరసలో అడుగుకు పోయాయి. ముందటి సాయంత్రం అచ్చియ్యమ్మ కానిస్టేబులు చేతిలో వదిలి వెళ్లిన పొట్లాన్ని కూడా హైమవతి గారు లోపలికి రానివ్వలేదు. తిరిగి ఇచ్చేయమంది. అప్పటికే అచ్చియ్యమ్మ ఊరికి వెళ్లిపోయింది.

హైమవతి గారు రిటైరై సొంతింటికి మారాక, నన్ను ఆ గేటుకు బిగించారు. ఒకరోజు అచ్చియ్యమ్మ అక్క కూతురు మంగతాయారు తీర్పు కాపీ తెచ్చింది.

"ఇప్పుడు మీరు సదవచ్చు కదండి?"

హైమవతి గారు గేటు దగ్గరే నిలబడి చదివింది. అచ్చియ్యమ్మ ఆ పోయినాయన భార్యేనని రాసి ఉంది. ఆమె పేరు పక్కనే, మరణించినట్టు కూడా రాసి ఉంది.

"పోయేదాకా పిన్ని ఒకటే అడిగిందండి" అంది మంగతాయారు. "అమ్మగారికి నా మీద కోపం ఎందుకొచ్చిందో కనుక్కోవే, అని."

"కోపం కాదమ్మా..." అంది హైమవతి గారు. ఆ తర్వాత చెప్పవలసిన చట్టమంతా ఆమెకు తెలుసు. కాగితం మడిచి మంగతాయారు చేతిలో పెట్టింది.

మర్నాడు నన్ను ఊడదీయించింది. ఇప్పుడు కొట్టుగదిలో గోడకు ఆనించి ఉన్నాను. గేటు మీద ఏ పేరూ లేదు. గడియ చప్పుడైతే చాలు, మోకాళ్ల నొప్పులతోనే ఆమె గబగబా వెళ్లి గేటు తీస్తుంది. రావలసిన మనిషి ఇక రాదని ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు.