రాజీ కల్లు

కోటగిరి పక్క పల్లెల్లో పాత పద్ధతిలో అన్నదమ్ములు రాజీ పడాలంటే కాగితం అక్కర్లేదు. పెద్దమనిషి ముందు కూర్చుని, ఒకే సీసాలోని కల్లు ఇద్దరూ తాగాలి. తాగినవాడు క్షమించినట్టు, తాగనివాడు పగ దాచుకున్నట్టు. ముత్యానికి ఇక్కడే చావొచ్చిపడింది.

ఎనిమిదేళ్ల కింద కాలువ నీళ్ల వంతు కోసం గొడవై, తాగిన మత్తులో ముత్యం తన అన్న పోశన్న చేతిని పార కట్టెతో విరగ్గొట్టాడు. అది వంకరగానే అతుక్కుంది. అప్పటినుంచి ఇద్దరికీ మాటల్లేవు. ఇప్పుడు తన బిడ్డ శృతి పెళ్లి కుదరడంతో పోశన్నే కబురు పంపాడు. శుక్రవారం పొద్దున పెద్దమనిషి లింబయ్య ఇంట్లో రాజీ, రాకపోతే ఇక తమ్ముడే కాదని.

ముత్యం కల్లు మాని నాలుగేళ్లు. మత్తుమందు కలిపిన ఆ కల్లు మానినప్పుడు ఫిట్సొచ్చాయి, గోడల మీద పాములు కనిపించాయి. ఒక్క గుక్క పడినా మళ్లీ మొదటికొస్తుందని ఆసుపత్రిలో చెప్పారు. తాగుడు మానాలని చర్చికి వెళ్లిన కొత్తలో, కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు రోజుకు నాలుగు పూటలు మోకరించాడు. పదిహేనో రోజున మళ్లీ కల్లు దుకాణం ముందు తేలాడు. పాస్టర్ ఆత్మారాం తిట్టలేదు.

“పొద్దుగాల అయిదింటికి ఒక్క కీర్తన. శుక్రవారం ఉపాసం. గంతే. మనసున్నా లేకున్నా చెయ్యి” అన్నాడు.

కూడబలుక్కుని చదివే ముత్యానికి ఒక్కో కీర్తన గంట పట్టేది. కాడికి కట్టిన ఎద్దునైపోయానని ఏడాదంతా గొణిగాడు. ఊరు కూడా నవ్వింది. అయినా మానలేదు. రెండో ఏడు ఒకనాడు చేనికి పోయాక గుర్తొచ్చింది, దారిలో కల్లు దుకాణం దాటి వచ్చాడని, అటు చూడనైనా లేదని. ఒడ్డు మీద కూర్చుని ఏడ్చాడు. అంత సంతోషం అతనికి పెళ్లినాడు కూడా కలగలేదు.

“శుక్రవారమే గదా. ఉపాసమని చెప్పు, ఇడిసిపెడ్తరు” అంది భార్య చంద్రవ్వ.

సాకు బాగానే ఉంది. రెండు రోజులు దాన్నే పట్టుకుని నిద్రపోయాడు కూడా. మూడో రోజు, “గట్ల చెప్తె శనివారం తాగుతనన్నట్టయితది” అని వదిలేశాడు.

లింబయ్య వసారాలో సీసా, రెండు గ్లాసులు సిద్ధంగా ఉన్నాయి. పోశన్న వంపి ఒక గ్లాసు తమ్ముడి ముందుకు జరిపాడు. వాసన ముక్కుకు తగిలింది. ముత్యానికి భయమేసింది. పొద్దుటినుంచి కడుపులో ఆకలి, ప్రతి శుక్రవారం అడిగేదే అడుగుతోంది. అతను ప్రతి శుక్రవారం చెప్పే జవాబే చెబుతున్నాడు. కల్లు కూడా అడిగింది. దానికీ అదే జవాబు వచ్చింది, పెద్దగా వెతుక్కోకుండానే.

“అన్నా, నేను తాగ. తాగితె మల్ల లేవ. నీ మీద పగ లేదు” అన్నాడు. అక్కడితో ఆగొచ్చు. ఆగలేదు. “ఆ దినం నీళ్ల వంతు నీదే. నాకెరుకే. ఎరికుండే కొట్టిన. ఇన్నేండ్లు నాదేనని ఊరంత చెప్పుకున్న.”

లింబయ్య గ్లాసు వైపు చూపించి, “తాగకుంటె రాజీ ఎట్లయితది?” అన్నాడు.

పోశన్న తన గ్లాసు ఎత్తి తాగేశాడు. తర్వాత తమ్ముడి ముందున్నదీ తీసుకుని తాగేశాడు. సీసా వైపు చెయ్యి చాపి, మధ్యలో ఆపేసి, ఆ చేతినే చాలాసేపు చూసుకున్నాడు.

“పెండ్లయ్యేదాక ముట్టనని బిడ్డకు మాటిచ్చిన” అన్నాడు చివరికి. “రాజీ గదా, ఒక్క గుక్కతోని ఊకుంటనని వచ్చిన. నువ్వు వద్దంటె వద్దే అయింది. నేను వద్దనుకుంటనే రెండు తాగిన.”

ఎవరో నవ్వబోయి ఊరుకున్నారు. పోశన్న కళ్ల నీళ్లు తుడుచుకోలేదు.

“పెండ్లినాడు నా పక్కనే కూసో తమ్మీ. నన్ను లేవనియ్యకు.”

ముత్యం సరేనన్నాడు.